చర్చికి పోతే చెంచు కాకుండా పోతామా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మన పెంటల్లో కొందరు చర్చికి పోతున్నారు. వాళ్లను చూసి "ఇక వీళ్లు సలేశ్వరం జాతరకు రారు, చెంచులు కారు" అనేవాళ్లు ఉన్నారు. అటువైపు "లింగమయ్య పేరెత్తితేనే పాపం" అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల మధ్య ఒకే ఇంటి అన్నదమ్ములు మాట్లాడుకోకుండా అయితున్నారు.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. పాల్ హీబర్ట్ అని ఒకాయన 1960ల మొదట్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఎం.బి. చర్చి తరఫున మిషనరీగా పనిచేశాడు. మిషనరీ తల్లిదండ్రులకు 1932లో మన దేశంలోనే పుట్టాడు. మానవ శాస్త్రం చదివాడు. ఈ జిల్లాలోని కొండూరు అనే ఊళ్లో ఉండి, ఏ కులం ఎట్ల బతుకుతుందో చూసి 1971లో పుస్తకం వేశాడు.

ఆయనే రాసిన ఒక సంగతి. ఇక్కడి ఒక పల్లెలో అమ్మవారు పోసింది, అంటే మశూచి. మైసమ్మకు దున్నపోతును బలియ్యాలని పెద్దలు ఇంటింటికీ చందా అడిగారు. క్రైస్తవులు ఇయ్యమన్నారు. పేరుకు కొంచెం ఇచ్చినా చాలన్నారు, అయినా ఇయ్యలేదు. దాంతో ఊరి బావి నీళ్లు బంద్, దుకాణంలో సరుకులు బంద్. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక పాపకు అమ్మవారు పోసింది. సంఘ పెద్ద హీబర్ట్ దగ్గరికి పోయి ప్రార్థన చేయమన్నాడు. ఆయన చేశాడు. అయినా పాప చనిపోయింది.

అంత చదివిన హీబర్ట్, నేను ఓడిపోయాననుకున్నాడు. కొన్ని వారాలకు ఆ పెద్ద మళ్లీ వచ్చాడు, ముఖంలో సంతోషం! ఇదేందని అడిగితే ఆయన చెప్పిన దాని సారం ఇది: పాప బతికితే ఊరు మన దేవుని శక్తి ఒప్పుకునేది. కానీ ఎప్పటికైనా చావు తప్పదు కదా. సమాధి దగ్గర మన నిరీక్షణ చూశారు, అది ఇంకా పెద్దది.

చూడండి, ఇక్కడ గురువు ఎవరు? పల్లె మనిషే. దాన్ని దాచకుండా రాసుకోవడం హీబర్ట్ గొప్పతనం.

తర్వాత 1980లలో ఆయన ఒక పద్ధతి చెప్పాడు. పాత ఆచారాన్ని చూడగానే కొట్టిపారేయొద్దు, కండ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. ముందు అందరూ కూర్చుని ఆ ఆచారం ఎందుకు పుట్టిందో, దాని అర్థమేందో పెద్దలను అడగాలి. తర్వాత బైబిల్ చదవాలి. ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏది వదలాలి అన్నది సంఘమే తేల్చుకోవాలి. బయటి పాస్టరు ఒక్కడే తేల్చకూడదు. బలవంతంగా ఆపితే ఆ ఆచారం పోదు, చాటుకు పోతుందని కూడా ఆయన హెచ్చరించాడు.

రేపు మనలో ఒకరు ఏఎన్‌ఎం అయితరు, ఒకరు టీచరు, ఒకరు ఫారెస్టు వాచరు. బిడ్డ మెడలో తాయెత్తుతో ఒక తల్లి వస్తే, నువ్వు చర్చికి పోయే నర్సువైనా దాన్ని తెంపొద్దు. ముందు బిడ్డ జ్వరం చూడు, ఆ తల్లి భయం విను. నీ విశ్వాసం ఏందో నీ చేతి పనిలోనే ఆమెకు కనపడుతది.

చర్చికి పోని తమ్ముళ్లకూ ఒక మాట. ఆ పల్లెలో బావి బంద్ చేసిన పని మనం చేయొద్దు. చెంచుతనం పుట్టుకతో వచ్చింది, ఆదివారం ఎక్కడ కూర్చున్నాడని అది పోదు.

మీ పెంటల్లో పెద్దలను అడిగి, వాళ్లేమంటారో కింద రాయండి.