వీశె కిలోగా మారిన రోజులు

1957 ఏప్రిల్ 1, సోమవారం. ఆ ఉదయం చిల్లర కొట్టు తలుపు తీసిన ప్రతి వర్తకుడికీ కొత్త లెక్క ఎదురైంది. ముందురోజు దాకా రూపాయికి పదహారణాలు, ఆ రోజు నుంచి వంద నయాపైసలు. మరో ఐదేళ్లకు వీశెలు, సేర్లు కూడా పోయి కిలోలు, గ్రాములు వచ్చాయి. చట్టాలు చేసింది ఢిల్లీ. వాటిని జనానికి అలవాటు చేసింది మాత్రం వీధి చివరి కొట్టు. మన చరిత్ర పుస్తకాల్లో ఆ కొట్టుకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

కొట్టు పెట్టాలంటే

ఆ కాలంలో పల్లెలో కొట్టు పెట్టడానికి ఇంటి వీధి గది చాలేది. ఒక త్రాసు, ముదర వేసిన తూకపు రాళ్లు, కొలపాత్రలు, చిట్టా పుస్తకం, పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు, పురికొస. సరుకు టౌనులోని టోకు వ్యాపారి దగ్గర తేవాలి. హైదరాబాదు చుట్టుపక్కల వాళ్లకు బేగంబజారు అలాంటి చోటు. కొట్టువాడు టోకు వ్యాపారికి బాకీ, ఊరు కొట్టువాడికి బాకీ. కూలి డబ్బులు అందాకో, పంట ఇంటికొచ్చాకో ఆ బాకీలు తీరేవి. అసలు పెట్టుబడి నమ్మకమే. ఎవరికి ఎంత దాకా అరువు ఇవ్వవచ్చో తెలిసినవాడి కొట్టే నిలబడేది.

కొనేవాళ్లు ఏ పూటకు ఆ పూట కొనేవారు. అందుకే కొలతలు అంత చిన్నవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకంలో మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. ఐదు పలాలైతే ఏబలం, పది పలాలైతే పదలం. డబ్బు లెక్క కూడా అలాంటిదే: మూడు దమ్మిడీలు కానీ, నాలుగు కానులు అణా, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. సగాలు, పావులు చేసుకుంటూ పోయే ఈ లెక్క కాగితం లేకుండానే నోటికి వచ్చేది.

ఆరుంపావు చిక్కు

నాణేల చట్టాన్ని పార్లమెంటు 1955లో సవరించింది. అమలు తేదీ 1957 ఏప్రిల్ 1. పావలా అంటే 25 నయాపైసలు, అర్ధరూపాయి అంటే 50. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. చిక్కంతా అణాతోనే. అణా విలువ ఆరుంపావు నయాపైసలు, పావు పైసాకు నాణెం లేదు. మొత్తంలో వచ్చే భిన్నం సగమో అంతకన్నా తక్కువో అయితే వదిలెయ్యాలి, సగం దాటితే పైసా కలపాలి అన్నది సర్కారు సూత్రం. అలా అణా 6, బేడ 12, మూడణాలు 19 అయ్యాయి.

కొట్టువాడి కోణంలో చూడండి. పదహారు మంది వచ్చి తలా ఒక అణా సరుకు కొని కొత్త పైసల్లో ఇస్తే గల్లాలో పడేది 96. రూపాయికి నాలుగు పైసలు తరుగు. తరుగు పూడ్చుకోవడానికి ఏడేసి పుచ్చుకుంటే కొనేవాడికి అన్యాయం. అదే పదహారు అణాలను ఖాతాలో రాసుకుని నెలాఖరున ఒక్కసారే కూడితే సరిగ్గా వంద. రొక్కానికి కొన్నప్పుడు తప్పని తేడా పద్దులో కలిసిపోయేది.

పాత నాణేలూ కొన్నాళ్లు చెల్లాయి కాబట్టి ఒకే గల్లాలో రెండు లెక్కలు నడిచాయి. కొత్త నాణేల మీద అది రూపాయిలో ఎన్నో వంతో హిందీలో ముద్రించారు. హిందీ రానివాళ్లకు అయిదు పైసలు చదరంగా, పది పైసలు అంచు వంపులు తిరిగి ఉండటం ఒక గుర్తు.

రెండు ప్రాంతాలు, ఒకే తూకం

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. డిసెంబరులో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. కోస్తాలో వీశె, తెలంగాణలో సేరు వాడుక. తెలంగాణలో నిజాం కాలపు నాణెం హాలీ సిక్కా జ్ఞాపకం కూడా అప్పటికింకా పచ్చిగానే ఉంది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు (బ్రిటిషు ఇండియా) రూపాయలకు సమానంగా ఉండేవి. ఆ మారకం లెక్క వేసిన చేతులే మళ్లీ నయాపైసల లెక్క నేర్చుకోవలసి వచ్చింది.

మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు 1న ఎంపిక చేసిన ప్రాంతాల్లో మొదలయ్యాయి. 1962 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా తూకానికి అవే చట్టబద్ధం. వీశె దాదాపు కిలో 400 గ్రాములు, పదలం 350, ఏబలం 175. వీశె రూపాయి ముప్పావలా పలికే సరుకు కిలో ఎంత? రూపాయింబావలా. ధర తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి సరుకూ తగ్గింది. ఈ సంగతి కొనేవాళ్లకు విప్పి చెప్పకపోతే కొట్టు మీద నమ్మకం పోతుంది. చెప్పకుండా లాభం చేసుకునే వీలూ అక్కడే ఉంది. అందుకే ముదర లేని రాళ్లను పట్టుకునే తనిఖీలు అవసరమయ్యాయి. అయినా ఊరూరా తనిఖీ అధికారి కూర్చోలేడు. ఇంత పెద్ద మార్పు నిలదొక్కుకుందంటే, ఎక్కువ మంది కొట్టువాళ్లు ఓపిగ్గా లెక్క చెప్పి సరిగా తూచబట్టే. బడి గడప తొక్కని లక్షల మంది కిలోను, పైసను నేర్చుకున్న బడి ఆ కొట్టే.

ఆ ఐదేళ్ల సంగతులు చట్టాల ప్రతుల్లో కొంతే దొరుకుతాయి. మిగతాది కొట్టు నడిపిన ఇళ్లలో, చిట్టా ఆవర్జాల్లో ఉంది. ఏ ఇంట్లో నెలకు ఎంత బియ్యం కొన్నారు, ఏ నెలలో బాకీ పెరిగింది, ఏ పేజీలో అణాలు ఆగి పైసలు మొదలయ్యాయి అన్నది వాటికే తెలుసు. మీ అటక మీద అలాంటి పుస్తకం ఉంటే పాత కాగితాల వాడికి వెయ్యకండి. పేజీలు ఫొటో తీసి ఉంచండి. దగ్గర్లోని గ్రంథాలయానికో, కళాశాల చరిత్ర శాఖకో చూపించండి. సామాన్యుడు ఏం తిన్నాడో, ఎలా బతికాడో చెప్పే అంతకన్నా మంచి ఆధారం మరొకటి లేదు.