నెల్లూరు తీరంలో బెంజ్ లారీ

1954లో జంషెడ్‌పూర్‌లోని టెల్కో కర్మాగారం నుంచి మెర్సిడెస్-బెంజ్ లారీలు బయటికి రావడం మొదలైంది. 1945లో రైలింజన్ల తయారీకోసం పుట్టిన ఈ టాటా కంపెనీ, జర్మనీలోని డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్లకు ఒప్పందం చేసుకుంది. 1969లో గడువు తీరాక బానెట్ మీది మూడు మొనల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. లోపలి యంత్రం మాత్రం అదే. అందుకే మద్రాసు-కలకత్తా ట్రంకురోడ్డు పొడవునా తడ నుంచి కావలి దాకా లారీ పనివాళ్ల మాటల్లో అది చాలాకాలం బెంజ్ లారీగానే నిలిచింది.

లారీలకు ముందు ఈ తీరానికి సరుకు దారి బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం అంచెలంచెలుగా ఉత్తరానికి సాగి పెద్దగంజాం చేరింది. కరువు పనులు జరిగిన 1877-78 తరువాత దానికి అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం, ఇసకపల్లి ప్రాంతాల నుంచి కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో మద్రాసుకు వెళ్లేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నుంచి తాడు కట్టి లాగే మనుషులు. 1899లో బెజవాడ-మద్రాసు రైలుమార్గం పూర్తయ్యాక కాలువ ప్రాధాన్యం తగ్గింది. 1965, 1966 తుపానులు దాన్ని గట్టిగా దెబ్బతీశాయి. ఇక రైలేమో స్టేషన్ల మధ్య మాత్రమే తిరుగుతుంది. ఉప్పుమళ్ల దగ్గరికీ, మైకా గనుల దగ్గరికీ, వరికళ్లాల దగ్గరికీ నేరుగా వెళ్లగలిగింది లారీ ఒక్కటే. గూడూరు, సైదాపురం గనుల ఆకుపచ్చ మైకా, గూడూరు నిమ్మకాయలు, నెల్లూరు బియ్యం, రేవుల నుంచి మంచులో పెట్టిన చేపలు అన్నీ దాని తొట్టిలోకి చేరాయి. నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. సాయంత్రం లోడు ఎత్తితే తెల్లవారేలోపు మార్కెట్లో దించవచ్చు.

ఆ రోజుల్లో లారీ దొరకడమే కష్టం. ఉత్పత్తి తక్కువ, పర్మిట్లు పరిమితం, చేతిలో ఉన్న డబ్బు అప్పు తెచ్చినది. యజమానుల్లో చాలామందికి ఒకటి రెండు బళ్లే ఉండేవి. వాళ్లలో ఎంతోమంది క్లీనరుగా చేరి, డ్రైవరై, అప్పు చేసి బండి కొన్నవాళ్లు. బండి ఆగిన ప్రతి రోజూ బాడుగ పోతుంది, వాయిదా మాత్రం ఆగదు. కంపెనీ సర్వీసు కేంద్రాలు పెద్ద నగరాల్లోనే ఉండేవి. దారి మధ్యలో ఆగిన బండిని అక్కడే లేపి నడిపించగలగడం యజమానికి పెట్టుబడితో సమానమైన ఆస్తి. ఈ తీరపు లారీ చరిత్రలో అసలైన అధ్యాయం బళ్ల సంఖ్య కంటే ఈ తెలివిడి ఒకరి నుంచి ఒకరికి పాకిన తీరులోనే ఉంది.

తొలి బళ్లలోని ఇంజన్ ఓఎం 312. ఆరు సిలిండర్లు, సుమారు 4.6 లీటర్ల పరిమాణం. డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడకుండా ముందు ఒక చిన్న గదిలో సగం మండి, తరువాత ప్రధాన సిలిండర్‌లోకి దూసుకొచ్చే ఏర్పాటు దీనిది. జర్మనీ చలికి అవసరమైన హీటర్ ప్లగ్గులు ఇక్కడి వేడిలో అంతగా అక్కరపడేవి కావు. ఇబ్బంది పెట్టింది మరొకటి. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ గాలి లాగుడుతో పనిచేసేది. దాని లోపల ఒక తోలు పొర ఉంటుంది. ఆ పొర ఎండి పగిలితే డీజిల్ పంపులో ఇంధనాన్ని అదుపుచేసే ర్యాక్ వెనక్కి రాదు. డ్రైవరు కాలు తీసినా ఇంజన్ రొద పెంచుకుంటూ పోతుంది. అందుకని తోలుకు అప్పుడప్పుడు నూనె పట్టించి మెత్తగా ఉంచాలని, గొట్టం కీళ్ల దగ్గర గాలి జొరబడకుండా చూడాలనేది పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి.

రెండో పాఠం గాలి తీయడం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, డీజిల్ గొట్టంలో సన్నని పగులు ఉన్నా, పంపులోకి గాలి చేరి ఇంజన్ ఆగిపోతుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ నురగ పోయి బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఆగి, మళ్లీ బిగించాలి. పని చిన్నదే. తెలియని డ్రైవరు మాత్రం రాత్రంతా రోడ్డు పక్కనే ఉండేవాడు. ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టడానికి పరికరమేదీ అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో నాజిల్ గొట్టం నట్టును కొంచెం వదులు చేస్తూ పోతే, దేన్ని వదులు చేసినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండరే పని మానేసినట్టు. పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువైందనో గాలి చాలడం లేదనో అర్థం. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోందని, బోరింగ్ ఖర్చు దగ్గర పడిందని అర్థం. ఇసుక ఎగిరే తీరపు దారుల్లో ఎయిర్ ఫిల్టర్ కింది ఆయిల్ గిన్నెను తరచుగా కడగకపోతే ఆ నీలిపొగ త్వరగానే వస్తుంది.

ఈ తెలివిడి తరం మారినా పనికిరావడానికి ఒక కారణం ఉంది. టాటా వారు ఇంజన్‌ను మెల్లమెల్లగా పెంచారే తప్ప మొదటి నుంచి మార్చలేదు. ఓఎం 312లో సిలిండర్ బోరు 90 మిల్లీమీటర్లు. దాన్ని 92కు పెంచితే 692 అయింది: ఆరు సిలిండర్లు, 92 బోరు. తరువాత వచ్చిన 697లో బోరు 97. బండి మీది అంకెల్లోనూ ఇలాంటి లెక్కే ఉంది. 1210 అంటే బరువుతో కలిపి 12 టన్నులు, 100 హార్స్‌పవర్ తరగతి. ఒక బండి విప్పిన చేతికి తరువాతి బండి కొత్తగా అనిపించేది కాదు. రూపకల్పన అంత నిలకడగా సాగింది. మెకానిక్ షెడ్లలో పెద్ద చదువు లేని కుర్రవాళ్లు నిపుణులుగా ఎదగడానికి అది ఎంతో తోడ్పడింది.

విడిభాగాలు కూడా క్రమంగా దగ్గరికి వచ్చాయి. బాష్ సహకారంతో 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ డీజిల్ పంపులు, నాజిల్లు తయారుచేసింది. మద్రాసులో ఇండియా పిస్టన్స్, పాడిలో లూకాస్-టీవీఎస్ వచ్చాయి. నెల్లూరు వాళ్లకు కొత్త సామాను కావాలంటే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సామాను కావాలంటే పుదుపేట. వెళ్లే లారీ డ్రైవరుకు పాత భాగం ఇచ్చి పంపితే, తిరుగు లోడుతో కొత్తది వచ్చేది. ఎన్నూరులో తయారయ్యే అశోక్ లేలాండ్ బళ్లు మరీ దగ్గరివే. వాటి అభిమానులు వేరు. ఏది మేలన్న వాదం టీ కొట్ల దగ్గర ఎప్పుడూ తెగేది కాదు.

మార్పుచేర్పుల కథ మరమ్మతు కథకంటే పెద్దది. కర్మాగారం నుంచి వచ్చేది చాసిస్, ఇంజన్, ముందు మూతి మాత్రమే. క్యాబిన్, తొట్టి కట్టడం స్థానిక వడ్రంగుల, కమ్మరుల పని. 1960ల్లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్ ఈ బాడీ బిల్డింగ్‌కు పేరు తెచ్చుకుంది. నెల్లూరుకూ తరువాత సొంత ఆటోనగర్ వచ్చింది. ఎక్కువ లోడు ఎత్తడానికి కమాన్ కట్టల్లో, అంటే బరువు మోసే స్ప్రింగుల్లో, అదనంగా ఒకటి రెండు పట్టీలు వేయించడం, పక్కపలకలు ఎత్తు పెంచడం మామూలే. కమాన్ కట్ట గట్టిపడితే దెబ్బ చాసిస్ మీద పడుతుంది. కమాన్ హ్యాంగర్ దగ్గర పగుళ్లు మొదలవుతాయి. అక్కడ ఊరికే వెల్డింగ్ చేస్తే పక్కనే మళ్లీ పగులుతుందని, లోపల పొడవైన పట్టీ వేసి రివెట్లు కొట్టించాలని అనుభవజ్ఞులు చెప్పేవారు. చట్టం ఒప్పుకోని బరువులు మోయించడం వల్ల రోడ్లకూ మనుషులకూ జరిగిన నష్టం పెద్దది. అయినా ఆ బరువు కింద బండి ఎక్కడ ఎలా అలసిపోతుందో ఈ మనుషులకు అందరికంటే బాగా తెలుసునన్నది నిజం.

తీరంలో ఇనుముకు అసలు శత్రువు ఉప్పు. ఉప్పు బస్తాలు మోసిన తొట్టి నుంచి కారే నీళ్లు చాసిస్ కీళ్లలోకి, బ్రేకు గొట్టాల మీదికి దిగుతాయి. చేపల లారీలో కరిగే మంచునీళ్లూ అంతే. అలాంటి బళ్లకు కొయ్య తొట్టి, కింద తారు పూత, కమాన్ కట్టలకు వాడేసిన ఇంజన్ ఆయిల్, లోడు దించగానే మంచినీటి కడుగుడు తప్పనిసరి. 1990ల మొదట్లో ఈ తీరాన రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు మంచు, మేత, రొయ్యలు మోసే బళ్లకు పని ఒక్కసారిగా పెరిగింది. 1994 తరువాత తెల్లమచ్చల వైరస్ చెరువులను దెబ్బతీసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువులపై ఆంక్షలు పెట్టింది. బాడుగలు పడిపోయినప్పుడు బండిని తక్కువ ఖర్చుతో నడపడం తెలిసినవాళ్లే నిలదొక్కుకోగలిగారు.

ఈ విద్య పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఎదురుచూపుల్లో పెరిగింది. తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టులో కాగితాల కోసం లారీలు బారులు తీరి గంటల తరబడి నిలబడేవి. బానెట్ ఎత్తి పక్క బండి డ్రైవరుకు చూపించడానికి అంతకంటే వీలైన చోటు లేదు. ఏ ఊళ్లో పంపు క్యాలిబ్రేషన్ బాగా చేస్తారు, ఏ షెడ్డులో గేర్‌బాక్స్ ఇవ్వవచ్చు, ఏ కంపెనీ లైనింగ్ త్వరగా అరుగుతుంది వంటి సంగతులు అక్కడ చేతులు మారేవి. నాయుడుపేట, గూడూరు, కావలి హోటళ్ల ముందూ, సరుకు దింపే గోదాముల దగ్గరా ఇదే జరిగేది. ఆగిపోయిన బండి దగ్గర మరో లారీ ఆగడం, పానా ఇవ్వడం, చేయి కలపడం రోడ్డు మర్యాద. సాయం అందుకున్నవాడు తనకు తెలిసింది ఇంకెక్కడో ఇంకొకరికి చెప్పేవాడు.

2017 జూలైలో జీఎస్టీతో చెక్‌పోస్టుల బారులు పోయాయి. సరుకు రవాణాకు అది మేలు చేసింది. ఆ కబుర్లకు మాత్రం చోటు లేకపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక డీజిల్ ఎంత, ఎప్పుడు పడాలన్నది ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించసాగింది. లోపం వెతకడానికి స్కానర్ కావాలి, పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ ద్రవం నాణ్యత తప్పితే ఇంజన్ బలం తగ్గుతుంది. 2012లో డైమ్లర్ తిరిగి వచ్చి చెన్నై దగ్గర ఒరగడంలో భారత్‌బెంజ్ లారీలు మొదలుపెట్టింది. వాటి యజమానులు చాలా పనులకు కంపెనీ వర్క్‌షాపుకే వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుము 12,500 రూపాయలకు పెరగడంతో పాత 1210లను నిలుపుకోవడం మరింత భారమైంది. కమాన్ కట్టలు, హౌసింగ్, బ్రేకు లైనింగ్, చాసిస్ పగుళ్ల పని ఇప్పటికీ ఆటోనగర్ షెడ్లలోనే జరుగుతోంది. 697 ఇంజన్ ట్యాపెట్ సెట్టింగ్ చేసే మెకానిక్కులు కూడా అక్కడే ఉన్నారు.