కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రీజెంట్ల మండలి: పేటెంట్ల, ప్రవేశాల విధానాలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి (యూసీ) రీజెంట్ల మండలి అత్యున్నత పాలకవర్గం. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో సహా పది క్యాంపస్‌లు దీని కిందికి వస్తాయి. అక్కడి ప్రయోగశాలల్లో పుట్టిన పేటెంట్లకు చట్టరీత్యా యజమాని ఈ మండలే. ఎవరికి సీటివ్వాలనే నిబంధనలకు తుది ఆమోదం తెలిపేదీ ఈ మండలే. అయితే ఈ రెండు అధికారాలనూ అది నేరుగా చెలాయించదు. పేటెంట్ల వ్యవహారాన్ని విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కార్యాలయానికీ, ప్రవేశ అర్హతల నిర్ణయాన్ని అధ్యాపకుల సెనేట్‌కూ అప్పగించింది. యూసీలో తలెత్తిన పెద్ద వివాదాల్లో చాలా వాటికి మూలం ఈ అప్పగింత ఎంతవరకు అనే ప్రశ్నే.

మండలి నిర్మాణం

యూసీ 1868లో ఏర్పడింది. రాష్ట్ర రాజ్యాంగంలోని 9వ అధికరణం దానికి విశేషమైన స్వయంప్రతిపత్తి ఇచ్చింది. మండలిలో 26 మంది సభ్యులుంటారు. వీరిలో 18 మందిని గవర్నరు 12 ఏళ్ల పదవీకాలానికి నియమిస్తారు. ఏడుగురు పదవిరీత్యా సభ్యులు; గవర్నరు, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఈ కోవలోకే వస్తారు. మిగిలిన ఒక్క స్థానం విద్యార్థి ప్రతినిధిది. అధ్యాపకుల సెనేట్ నుంచి వచ్చే ఇద్దరు ప్రతినిధులు చర్చలో పాల్గొంటారు కానీ వారికి ఓటు లేదు. 1919-20లో బర్కిలీ అధ్యాపకులు తిరగబడి సాధించుకున్న హక్కుల ఫలితంగా, మండలి ఆమోదానికి లోబడి ప్రవేశ అర్హతలను నిర్ణయించే పని సెనేట్‌కు దక్కింది.

పేటెంట్ల యాజమాన్యం

బర్కిలీ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ ఫ్యాక్టరీ పొగలోని ధూళిని విద్యుత్తుతో పట్టే యంత్రాన్ని కనిపెట్టి, ఆ పేటెంట్ల రాబడిని పరిశోధనలకే ఖర్చు పెట్టడానికి 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ అనే ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. ఆవిష్కరణల ఆదాయం విశ్వవిద్యాలయానికే నేరుగా చేరే పద్ధతి బలపడింది ఆ తర్వాతి దశాబ్దాల్లోనే.

1980 డిసెంబరు ఈ విషయంలో మలుపు. కేంద్ర ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనల పేటెంట్లను విశ్వవిద్యాలయాలే ఉంచుకోవడానికి బే-డోల్ చట్టం వీలు కల్పించింది. జన్యువులను కత్తిరించి అతికే పద్ధతిపై స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, యూసీ శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హెర్బర్ట్ బోయర్‌ల మొదటి పేటెంటు మంజూరైంది కూడా అదే నెలలో. 1997లో గడువు ముగిసేలోగా ఆ పేటెంట్లపై దాదాపు 25.5 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. రెండు విశ్వవిద్యాలయాలూ దాన్ని పంచుకున్నాయి.

యూసీలో చేరే అధ్యాపకుడు, పరిశోధక ఉద్యోగి తమ ఆవిష్కరణల హక్కులను విశ్వవిద్యాలయానికి బదిలీ చేసే పేటెంట్ల పత్రంపై సంతకం చేయాలి. 1997 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన విధానం ప్రకారం లైసెన్సుల నికర రాబడిలో 35 శాతం ఆవిష్కర్తలకు అందుతుంది. ఇలాంటి పత్రంలోని ఒక్క వాక్యం ఎంత కీలకమో 2011లో సుప్రీంకోర్టు స్టాన్‌ఫర్డ్, రోష్ కేసులో ఇచ్చిన తీర్పుతో తేలింది. హక్కులను ముందు ముందు బదిలీ చేస్తానని స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు తన విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చాడు. పని మీద వెళ్లిన సీటస్ అనే కంపెనీలో (దాని హక్కులు తర్వాత రోష్‌కు చేరాయి) మాత్రం ఇప్పుడే బదిలీ చేస్తున్నానన్న పత్రంపై సంతకం పెట్టాడు. కంపెనీ పత్రమే నెగ్గింది. బే-డోల్ చట్టం హక్కులను వాటంతటవే విశ్వవిద్యాలయానికి కట్టబెట్టదని కోర్టు 7-2 ఆధిక్యంతో స్పష్టం చేసింది. అప్పటిదాకా యూసీ పత్రంలోనూ ఉన్నది భవిష్యత్తు హామీయే. అదే ఏడాది నవంబరులో దాన్ని తక్షణ బదిలీగా మార్చి సిబ్బందితో మళ్లీ సంతకాలు తీసుకున్నారు.

నొవార్టిస్ ఒప్పందం

కంపెనీల డబ్బుతో నడిచే పరిశోధనల్లో పేటెంటు హక్కు సాధారణంగా రీజెంట్లకే ఉంటుంది. డబ్బు పెట్టిన కంపెనీకి లైసెన్సు కోసం నిర్ణీత గడువులోగా ముందుగా బేరమాడుకునే అవకాశం ఇస్తారు. ఫలితాల ప్రచురణను కొద్ది నెలలు ఆపవచ్చు కానీ పూర్తిగా అడ్డుకోవడానికి ఒప్పుకోరు.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష పెట్టింది 1998 నవంబరులో నొవార్టిస్ కంపెనీతో కుదిరిన ఒప్పందం. బర్కిలీలోని వృక్ష, సూక్ష్మజీవ శాస్త్ర విభాగానికి ఐదేళ్లలో 2.5 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు కంపెనీ సిద్ధపడింది. బదులుగా విభాగపు ఆవిష్కరణల్లో మూడో వంతు దాకా లైసెన్సు సంప్రదింపుల్లో మొదటి హక్కు పొందింది. పరిశోధన నిధులు పంచే ఐదుగురు సభ్యుల సంఘంలో రెండు స్థానాలు కూడా దానికే దక్కాయి. ఒక శాస్త్రవేత్తతోనో ప్రాజెక్టుతోనో కాక మొత్తం విభాగంతోనే ఒప్పందం కుదుర్చుకోవడం విమర్శలకు దారితీసింది. 2003లో గడువు తీరాక దాన్ని కొనసాగించలేదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ బృందం 2004లో ఇచ్చిన సమీక్ష, పూర్తి విభాగాలను కట్టిపడేసే ఒప్పందాల జోలికి పోవద్దని సూచించింది.

ప్రవేశాల విధానం

1960 నాటి మాస్టర్ ప్లాన్ రాష్ట్రంలోని హైస్కూల్ విద్యార్థుల్లో పైవరుసలోని 12.5 శాతాన్ని యూసీకి అర్హులుగా నిర్దేశించింది. డేవిస్ వైద్య కళాశాల వంద సీట్లలో 16 సీట్లను అల్పసంఖ్యాక వర్గాలకు కేటాయించగా, బాకీ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఆ కోటాను కొట్టేసింది. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా పరిగణించడానికి మాత్రం అనుమతించింది.

ఆ వెసులుబాటును 1995 జులై 20న రీజెంట్లే వదులుకున్నారు. వార్డ్ కానర్లీ అనే రీజెంట్ ప్రతిపాదించిన ఎస్‌పీ-1 తీర్మానం జాతి, మతం, లింగం, రంగు, జాతీయ మూలం ఆధారంగా ప్రవేశాలు ఇవ్వరాదన్నది. ఎస్‌పీ-2 ఇదే నిషేధాన్ని ఉద్యోగాలకు, కాంట్రాక్టులకు వర్తింపజేసింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, అన్ని క్యాంపస్‌ల చాన్సలర్లు, అధ్యాపకుల సెనేట్ వ్యతిరేకించినా ఎస్‌పీ-1 14-10 ఓట్లతో నెగ్గింది. ఆనాడు దేశాధ్యక్ష అభ్యర్థిత్వానికి ప్రయత్నిస్తున్న గవర్నరు పీట్ విల్సన్ స్వయంగా హాజరై తీర్మానానికి మద్దతిచ్చారు. నిరసనల మధ్య రీజెంట్లు గది మారి ఓటింగు ముగించారు. కొత్త విద్యార్థుల్లో 50 నుంచి 75 శాతం మందిని కేవలం చదువులో ప్రతిభ ఆధారంగా తీసుకోవాలని కూడా ఎస్‌పీ-1 నిర్దేశించింది. సెనేట్ చూడాల్సిన లెక్కను మండలే వేయడం అధ్యాపకుల అభ్యంతరాల్లో ముఖ్యమైనది.

1996 నవంబరులో ఓటర్లు ప్రతిపాదన 209ను ఆమోదించడంతో జాతి ప్రాతిపదికపై నిషేధం రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. నిషేధం అమలైన తొలి ఏడాది 1998లో బర్కిలీలో సీట్లు పొందిన నల్లజాతి, లాటినో, అమెరికన్ ఇండియన్ విద్యార్థుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. 2001 మేలో మండలి తన రెండు తీర్మానాలనూ ఏకగ్రీవంగా ఉపసంహరించుకుంది. అయితే 209 అమల్లోనే ఉంది కాబట్టి జాతిని పరిగణించే వీలు తిరిగి రాలేదు. 2020లో దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదననూ ఓటర్లు తిరస్కరించారు. మారింది 50-75 శాతం నిబంధన. దాని స్థానంలో ప్రతి దరఖాస్తునూ అన్ని కోణాల నుంచి చూసే సమగ్ర సమీక్ష వచ్చింది. ప్రతి పాఠశాలలోనూ ముందు వరుసలో నిలిచిన 4 శాతం మందికి అర్హత కల్పించే పథకం 2001లో మొదలై, 2012 ప్రవేశాల నాటికి 9 శాతానికి పెరిగింది.

శాట్ పరీక్ష

2001లో యూసీ అధ్యక్షుడు రిచర్డ్ అట్కిన్సన్ శాట్ ప్రవేశ పరీక్ష వద్దని ప్రతిపాదించడంతో దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డు ఆ పరీక్షను సవరించి, 2005లో వ్యాసరచనతో కొత్త రూపంలో తెచ్చింది. 2020లో పరీక్షను ప్రస్తుతానికి కొనసాగించాలని సెనేట్ సిఫారసు చేసింది. రీజెంట్లు మాత్రం అధ్యక్షురాలు జానెట్ నెపోలిటానో ప్రతిపాదన వైపు మొగ్గి, మే 21న 23-0 ఓట్లతో శాట్, అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షల తప్పనిసరి నిబంధనను నిలిపివేశారు. మరుసటి ఏడాది కోర్టు రాజీతో ఈ స్కోర్లను ప్రవేశ నిర్ణయాల్లో చూడడమే మానేశారు.

రాష్ట్రేతర విద్యార్థులు

డిగ్రీ కోర్సుల్లో రాష్ట్రేతర, విదేశీ విద్యార్థుల వాటాకు మండలి 2017లో తొలిసారి పరిమితి విధించింది. చాలా క్యాంపస్‌లకు ఇది 18 శాతం. అప్పటికే ఆ హద్దు దాటిన బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో, అర్వైన్‌లకు ఉన్న వాటానే గరిష్ఠం చేశారు. హైదరాబాద్, విజయవాడల నుంచి డిగ్రీ కోర్సులకు నేరుగా దరఖాస్తు చేసే విద్యార్థులు ఈ వాటాలోకే వస్తారు. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు నివాస నిబంధనలకు సరిపోతే స్థానికులుగానే పోటీపడతారు.

పాలనా ప్రాముఖ్యం

పేటెంట్ల విషయంలో మండలి పేరు యజమానిగా కనిపించినా నిర్ణయాలు ఎక్కువగా అధికారుల స్థాయిలోనే జరుగుతాయి. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతి పేటెంట్లపై బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థతో సాగుతున్న వ్యాజ్యంలో కక్షిదారు రీజెంట్లే అయినా, లైసెన్సుల వ్యవహారం మండలి బహిరంగ చర్చల్లోకి వచ్చేది తక్కువ. ప్రవేశాలు అలా కావు. 1995లో, 2020లో మండలి సెనేట్ అభిప్రాయాన్ని పక్కనపెట్టింది. మొదటిసారి జాతి ప్రాతిపదికను తొలగించడానికి, రెండోసారి పేద, అల్పసంఖ్యాక విద్యార్థులకు అడ్డంకి అన్న విమర్శ ఎదుర్కొన్న పరీక్షను తీసేయడానికి. రెండు నిర్ణయాల రాజకీయ దిశ వేరైనా, సెనేట్‌కు దఖలుపడిన అధికారం మండలి ఆమోదానికి లోబడినదేనని రెండూ నిరూపించాయి.