అవ్వ ముగ్గు, మనవరాలి సూది: ఇంటి వారసత్వంతో చేతి ఎంబ్రాయిడరీ

తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్ళూరు 1997లో ప్రత్యేక జిల్లా అయింది. హద్దులు మారినా మన ఇళ్ళలో వాకిటి ముగ్గు, పెళ్ళి సారె, ఉయ్యాల గుడ్డ మారలేదు. ఈ గుర్తులనే కొత్త రవికలమీద, గోడకు తగిలించే గుడ్డలమీద కుట్టుకోవాలనే ఆసక్తి ఇప్పుడు కనిపిస్తోంది. ఆ పని చేయదలచిన కుటుంబాలకోసం కొన్ని వివరాలు ఇస్తున్నాము.

మగ్గం వర్క్, సూది పని

మనం మగ్గం వర్క్ అనేదాన్నే ఇక్కడ తమిళంలో ఆరి వర్క్ అంటారు. గుడ్డను చట్రానికి బిగించి, కొక్కెం ఉన్న సూదితో గొలుసు కుట్టు వేస్తారు. మామూలు సూదితో ఇంట్లో చేసేదానికి చిన్న రింగు చాలు. గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు వస్తే ముప్పాతిక పని వచ్చినట్టే.

మనకు దారి చూపినవారు

ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో లంబాడీల కుట్టుపని కొద్దిమంది పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ రాని స్థితికి చేరింది. అక్కడ 1993 నుంచి వైద్యసేవ చేస్తున్న ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ డాక్టర్ లలితా రెజి చొరవతో ఆ పెద్దలే యువతులకు నేర్పారు. అలా ఏర్పడిన సంఘం పేరు ‘పోర్గై’. లంబాడీ మాటలో గర్వం అని అర్థం. కర్ణాటకలోని సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెలిసినవారు బతికి ఉండగానే నేర్చుకోవడం వల్లే సిత్తిలింగిలో ఆ విద్య నిలిచింది.

ముగ్గు నుంచి నమూనా

ముందుగా అవ్వ చేత కాగితంమీద ముగ్గు వేయించండి. చుక్కల మధ్య ఒక సెంటీమీటరు ఉండేలా గుడ్డమీదికి దించండి. మెలిక ముగ్గులో గీత చుక్కలను చుట్టి మొదలైన చోటికే వస్తుంది కాబట్టి గొలుసు కుట్టు బాగా నప్పుతుంది. చుక్కలకు ముడి కుట్టు వేయవచ్చు, అద్దాలూ పెట్టవచ్చు. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు వెళ్ళే పూల కావడి, నెమలి, వేలాయుధం కూడా మంచి నమూనాలే.

తెలుగులో పేరు

2006 తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగు చదివే అవకాశం బాగా తగ్గింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లోనూ తమ పేరు తెలుగులో రాయలేనివారు ఉన్నారు. గుడ్డమీద పేరు కుట్టాలంటే ప్రతి ఒంపూ, ప్రతి ఒత్తూ చేత్తో తిప్పాలి. అది అక్షరాభ్యాసమే. మన అక్షరాలు గుండ్రనివి. మ్యాటీ క్లాత్‌మీద క్రాస్ స్టిచ్‌తో కుడితే మూలలు తేలి చదవడం కష్టమవుతుంది. నూలు గుడ్డమీద కాడ కుట్టు మేలు. ఒత్తులు తెలియాలంటే అక్షరం ఎత్తు రెండు సెంటీమీటర్లకు తగ్గరాదు. ఆరు పోగుల దారంలో రెండు పోగులే తీసుకోండి. ఒంపుల దగ్గర కుట్టు చిన్నదిగా ఉండాలి.

పాత చీర వాడేముందు

తడిపిన తెల్లగుడ్డను ఒక మూల అద్ది చూడండి. రంగు అంటితే ఆ చీరను కొత్త గుడ్డతో కలిపి కుట్టవద్దు. బలం తగ్గిన పట్టుకు వెనక మెత్తటి నూలు గుడ్డ వేయాలి. చీర బాగుంటే కత్తిరించవద్దు. అంచును ఫోటో తీసి నమూనాగా వాడుకోండి. జరీకి నాఫ్తలిన్ ఉండలు తగలనీయకండి. మడతలు అప్పుడప్పుడు మార్చండి.

చివరగా ఒక మనవి. కుట్టిన గుడ్డ వెనుక ఎవరి ముగ్గు, ఎవరు కుట్టారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అనేది తెలుగులో రాసి పెట్టండి. ఆ వివరం లేకపోతే రెండు తరాల తరువాత అది పాత గుడ్డగానే మిగులుతుంది.