భూయోదర్శనం, వ్యాప్తినిశ్చయం: తర్కసంగ్రహ దీపికలో వజ్రం
అరిస్టాటిల్ న్యాయవాక్యంలో పూర్వవాక్యాలను అంగీకరిస్తే నిర్ణయం అనివార్యం. అందులోని సార్వత్రిక వాక్యం ఎలా సిద్ధిస్తుందన్నది ఆగమన తర్క సమస్య. భారతీయ న్యాయశాస్త్రం ఈ రెండింటినీ విడదీయలేదు. పంచావయవాలలో మూడవదైన ఉదాహరణం, ధూమానికి అగ్నితో గల వ్యాప్తినీ అది కనిపించిన వంటశాలనూ ఒకేచోట చూపుతుంది.

అయితే కొన్నిచోట్ల చూసినది అన్నిచోట్లకూ ఎలా వర్తిస్తుంది? 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రచించిన దీపికలో ఈ ప్రశ్నను చర్చించాడు. పార్థివ ద్రవ్యాలను లోహంతో గీయవచ్చునని నూరుచోట్ల చూసినా, న్యాయమతంలో పార్థివమే అయిన వజ్రం విషయంలో ఆ నియమం తప్పుతుంది. కాబట్టి భూయోదర్శనం మాత్రమే చాలదు. సహచారజ్ఞానానికి వ్యభిచారజ్ఞానం లేకపోవడం తోడుకావాలి. వ్యభిచారశంక కలిగితే దానిని తర్కం తొలగించాలి: అగ్ని లేకుండా ధూమం పుడితే వాటి కార్యకారణభావమే భంగపడుతుంది.

ఆ కార్యకారణభావం కూడా అనుభవం వల్ల తెలిసినదే కదా అన్న ఆక్షేపణ మిగులుతుంది. 1739లో హ్యూమ్ లేవనెత్తిన సంశయమూ ఇటువంటిదే. దీనికి తత్త్వచింతామణిలో గంగేశుడి సమాధానం ఆచరణను ఆశ్రయించింది: ధూమం కోసం నియమంగా అగ్నినే ఆశ్రయించేవాడు వాటి సంబంధాన్ని శంకిస్తే, అతని ప్రవృత్తే అతని శంకకు విరుద్ధం. ఈ సమాధానం ఆగమనాన్ని నిగమనంగా మార్చదు. శంకకు హద్దును మాత్రం నిర్ణయిస్తుంది.