తెల్ల రక్త కణం ఎదగకపోతే ఏమవుతుంది? జన్యువుల ఆన్, ఆఫ్ వెనుక అసలు కథ ఇదే..

ఒంట్లోకి బ్యాక్టీరియా చొరబడితే ముందుగా పరిగెత్తేవి న్యూట్రోఫిల్స్. తెల్ల రక్త కణాల్లో సగానికి పైగా ఇవే. ఎముక మజ్జలోని మూలకణాల నుంచి దశలవారీగా తయారవుతాయి.

ఈ దశల్లో డీఎన్‌ఏ మారదు. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఆగాలి అన్నదే మారుతుంది. ప్రోమైలోసైట్ దశలో క్రిములను చంపే మైలోపెరాక్సిడేజ్, ఎలాస్టేజ్ జన్యువులు జోరుగా పనిచేస్తాయి. తర్వాతి దశలో అవి ఆగి, లాక్టోఫెర్రిన్ జన్యువు మొదలవుతుంది. చివరికి కణ విభజన ఆగిపోతుంది. పూర్తిగా ఎదిగిన కణం రక్తంలోకి వస్తుంది.

మరి ఈ వరుస మధ్యలో తెగితే?

15, 17 క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారై అతుక్కుంటే పీఎంఎల్-ఆర్ఏఆర్ఏ అనే ప్రొటీన్ పుడుతుంది. ఎదుగుదలకు కావాల్సిన జన్యువులను ఇది నొక్కిపెడుతుంది. దాంతో ప్రోమైలోసైట్లు ఎదగకుండా సంఖ్యలో మాత్రం పెరిగిపోతాయి. ఇదే అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. వెంటనే వైద్యం అందకపోతే రక్తస్రావంతో రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

దీనికి దారి చూపింది చైనా వైద్యుడు వాంగ్ జెన్‌యీ బృందం. షాంఘైలో 24 మంది రోగులకు విటమిన్ ఏ రూపమైన ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ యాసిడ్ ఇచ్చారు. 1988లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, 23 మందిలో ఈ ఒక్క మందుతోనే వ్యాధి పూర్తిగా అదుపులోకి వచ్చింది. విశేషం ఏంటంటే.. కీమోథెరపీలా ఇది కణాలను నేరుగా చంపలేదు. ఆగిన జన్యువులను మళ్లీ నడిపించి, వాటిని ఎదిగేలా చేసింది.

తర్వాత ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ కూడా తోడైంది. సకాలంలో గుర్తిస్తే ఇప్పుడు ఎక్కువ మంది కోలుకుంటున్నారు. అందుకే కారణం లేకుండా చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, ఒంటిపై కమిలిన మచ్చలు వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి.