షాట్‌గన్ చోకు

షాట్‌గన్ చోకు అనగా షాట్‌గన్ గొట్టపు మూతి వద్ద లోపలి వ్యాసమును కొద్దిగా తగ్గించిన భాగము. గొట్టము నుండి వెలువడిన గుళ్ళు ఎంత దూరము వరకు గుంపుగా సాగాలి, ఎక్కడ నుండి విచ్చుకోవాలి అన్నది చాలా వరకు దీనిపై ఆధారపడి ఉంటుంది. ఉత్తర అమెరికాలో కయోటి అనే జంతువు వేటకు ఏ చోకు, ఏ తూటా వాడాలి అన్నది వేటగాళ్ళలో ఎడతెగని చర్చ. భారతదేశములో కయోటికి దగ్గరి బంధువులలో ఒకటి నక్క. ఇక్కడ నక్కను వేటాడటము నేరము. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలములోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రము, దానికి సమీపములోని పులికాట్ సరస్సు ప్రాంతములో ఇదే విషయము వేరొక రూపములో, అనగా నాటు తుపాకులు, నీటి పక్షులు, సీసపు గుళ్ళ రూపములో ఎదురవుతుంది.

పనిచేయు విధానము

రైఫిల్ ఒక్క గుండును పేల్చుతుంది. షాట్‌గన్ తూటాలో అనేక చిన్న గుళ్ళు ఉంటాయి. దీని గొట్టము లోపల మరచుట్లు లేకుండా నునుపుగా ఉంటుంది. గుళ్ళు మూతి దాటిన వెంటనే గాలి ఒత్తిడికి ఒకదాని నుండి ఒకటి దూరమవుతూ పోతాయి. మూతి వద్ద దారి ఇరుకైతే ఈ విచ్చుకోవడము ఆలస్యమవుతుంది. పొలములో మందు కొట్టే పిచికారీ మూతిని బిగిస్తే సన్నని ధార దూరముగా పోవడము, వదులు చేస్తే తుంపర దగ్గరలోనే పరచుకోవడము రైతులందరికీ తెలిసినదే. రెండింటి భౌతిక సూత్రము ఒకటి కాకపోయినా ఫలితము మాత్రము అటువంటిదే.

ఈ ఇరుకు చాలా స్వల్పము. 12 బోరు తుపాకి గొట్టము లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులో పూర్తి చోకు తగ్గించేది ఒక మిల్లీమీటరు మాత్రమే. బోరు అనే కొలత కూడా విచిత్రమైనదే. గొట్టములో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో ఆ సంఖ్యే బోరు. అందువలన సంఖ్య పెరిగిన కొద్దీ గొట్టము సన్నబడుతుంది. 20 బోరు 12 బోరు కంటే చిన్నది.

చోకును తొలుత ఎవరు కనిపెట్టారు అన్నదానిపై వాదములు ఉన్నవి. ఇంగ్లాండులోని న్యూకాజిల్‌కు చెందిన పేప్ 1866లో పేటెంటు పొందాడు. అమెరికాలో రోపర్ 1868లో పేటెంటు పొందాడు. బాతుల వేటగాడు ఫ్రెడ్ కింబుల్ పేరు కూడా చెబుతారు. 1870వ దశకములో దీనిని నమ్మకముగా తయారు చేసి ప్రచారములోనికి తెచ్చినవాడు బర్మింగ్‌హామ్ తుపాకుల తయారీదారు గ్రీనర్.

రకములు

40 గజముల దూరములో, అనగా దాదాపు 36.5 మీటర్ల దూరములో, 30 అంగుళముల వ్యాసముగల వృత్తములో మొత్తము గుళ్ళలో ఎన్నవ వంతు పడతాయి అన్నదానిని బట్టి చోకులను వర్గీకరిస్తారు. అసలు ఇరుకు లేని గొట్టమును సిలిండర్ అంటారు. ఇందులో సుమారు 40 శాతము గుళ్ళు వృత్తములో పడతాయి. పావు మిల్లీమీటరు ఇరుకుగల ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 50 శాతము, అర మిల్లీమీటరు ఇరుకుగల మోడిఫైడ్‌తో 60 శాతము, ఫుల్ చోకుతో 70 శాతము పడతాయని లెక్క. అంతకన్నా ఇరుకైన ఎక్స్‌ట్రా ఫుల్ రకములను ప్రధానముగా టర్కీ కోళ్ళ వేటకు తయారు చేస్తారు. పాత తుపాకులలో చోకు గొట్టములో భాగముగానే ఉండేది. జోడు గొట్టముల తుపాకిలో ఒకటి మోడిఫైడ్, రెండవది ఫుల్ ఉండటము పరిపాటి. నేటి తుపాకులలో చాలా వాటికి చోకును మరతిప్పి మార్చుకోవచ్చును.

గుళ్ళ కొలతలు

కొలతల పేర్లు దేశమును బట్టి మారతాయి. అమెరికా పద్ధతిలో బీబీ గుండు వ్యాసము 4.6 మిల్లీమీటర్లు. బ్రిటిష్ పద్ధతిలో అదే పేరుగల గుండు 4.1 మిల్లీమీటర్లే. భారతదేశములో బ్రిటిష్ పేర్లైన ఎల్‌జీ, ఎస్‌జీ వాడుకలో నిలిచినవి. బ్రిటిష్ ఎస్‌జీ 8.4 మిల్లీమీటర్లు. అమెరికావారు డబుల్ ఆట్ బక్ అనేది కూడా ఇంచుమించు ఇదే కొలత. అమెరికా పుస్తకము చదివి ఇక్కడి తూటా పెట్టెపై ఉన్న పేరును అర్థము చేసుకొనుటకు ప్రయత్నించేవారు ఈ తేడాను గమనించాలి.

కయోటి వేటలో ఎంపిక

కయోటి (కానిస్ లాట్రాన్స్) కుక్క కుటుంబమునకు చెందినది. బరువు సాధారణముగా 8 నుండి 20 కిలోలు. తోడేళ్ళు తగ్గిపోయిన తరువాత ఇది ఉత్తర అమెరికా అంతటా వ్యాపించినది. గొర్రెపిల్లలను, దూడలను తింటుందని పశుపాలకులకు దీనిపై కోపము. అక్కడి ప్రభుత్వ సంస్థలే ఏటా పదుల వేల కయోటిలను చంపుతున్నవి. ఇంత చంపినా వాటి విస్తృతి తగ్గలేదు. వేటగాడు పొదలలో దాగి, గాయపడిన కుందేలు అరుపును పోలిన కూత వేస్తాడు. కూతకు వచ్చిన జంతువు అతి దగ్గరకు, అదీ పరుగుతో, రావచ్చును. అందుకే దట్టమైన పొదలలో రైఫిల్ కన్నా షాట్‌గన్ అనుకూలమని భావిస్తారు.

ఇక్కడ రెండు అవసరములు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. గుండు పెద్దదైతే లోతుగా దిగుతుంది, కానీ తూటాలో తక్కువ పడతాయి. చిన్నదైతే ఎక్కువ పడతాయి, కానీ దూరము పోయేసరికి బలము చాలదు. 12 బోరు, రెండు ముప్పావు అంగుళముల తూటాలో డబుల్ ఆట్ బక్ గుళ్ళు సాధారణముగా 9 మాత్రమే ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు మూడున్నర గ్రాములు. తొమ్మిది గుళ్ళు 40 గజముల దూరములో చెదిరితే వాటి మధ్య నుండి నక్కంత జంతువు తప్పిపోవడము, లేదా ఒకే గుండు కడుపులో దిగి పారిపోవడము సులభముగా జరుగుతుంది. అందుచేత చాలామంది నాలుగవ నంబరు బక్ గుళ్ళను ఎంచుకుంటారు. వీటి వ్యాసము 6.1 మిల్లీమీటర్లు, బరువు సుమారు 1.3 గ్రాములు. పై తూటాలో 27, మూడు అంగుళముల మాగ్నమ్ తూటాలో 41 పడతాయి. సీసపు బీబీ గుండు సుమారు అర గ్రామే గనుక 35 గజములలోపు దగ్గరి వేటకే తగును.

లోహమును బట్టి కూడా లెక్క మారుతుంది. సీసము సాంద్రత 11.3, ఉక్కుది 7.8, బిస్మతుది 9.7. టంగ్‌స్టన్ మిశ్రమములలో కొన్ని 18 వరకు ఉంటాయి. అదే బీబీ కొలతలో ఉక్కు గుండు 0.4 గ్రాములు కూడా ఉండదు, 18 సాంద్రతగల టంగ్‌స్టన్ గుండు 0.9 గ్రాములు ఉంటుంది. అందుకే ఉక్కు వాడేవారు ఒకటి రెండు కొలతలు పెద్ద గుళ్ళు తీసుకుంటారు. ఉక్కు నొక్కుకుపోదు. పెద్ద ఉక్కు గుళ్ళను ఫుల్ చోకు గుండా పేల్చితే గొట్టము ఉబ్బి చెడిపోయే ప్రమాదము ఉన్నది. పాత తుపాకులకు ఈ ప్రమాదము మరీ ఎక్కువ. మోడిఫైడ్ చోకుతో ఉక్కు గుళ్ళు ఫుల్ చోకుతో సీసపు గుళ్ళంత గుంపుగా సాగుతాయి. పెద్ద బక్ గుళ్ళ విషయములోనూ మితిమీరిన ఇరుకు మేలు చేయదు. మూతి వద్ద గుళ్ళు ఒకదానినొకటి ఒరుసుకొని ఆకారము చెడి పక్కలకు పోతాయి.

పై అంకెలన్నీ సగటులే. ఒకే సంస్థ తయారుచేసిన రెండు తుపాకులు ఒకే తూటాతో వేర్వేరుగా చెదరవచ్చును. కనుక పెద్ద కాగితము కట్టి, వాడబోయే దూరము నుండి, వాడబోయే తూటాతోనే పేల్చి గుళ్ళ గుర్తులను లెక్కించడము తప్ప వేరు మార్గము లేదు. వృత్తములో ఎన్ని పడ్డాయి అన్నదానికన్నా మధ్యలో ఖాళీలు ఎంత ఉన్నాయి అన్నది ముఖ్యము. ఆ ఖాళీలు కనిపించడము మొదలైన దూరమే ఆ తుపాకి హద్దు. అధిక సందర్భములలో అది 40, 50 గజముల మధ్య ఉంటుంది. వంద గజముల దూరములో షాట్‌గన్‌తో కొట్టామనే మాటలను తుపాకీ రాముడి కబుర్లుగానే తీసుకోవాలి.

సీసము వలన హాని

నీటి పక్షులు ఆహారమును నూరుకొనుటకు చిన్న రాళ్ళను మింగుతాయి. చెరువు అడుగున పడిన సీసపు గుళ్ళను కూడా రాళ్ళనుకొని మింగుతాయి. కండర జఠరములో గుండు అరిగి సీసము రక్తములో కలుస్తుంది. పక్షి బలహీనపడి, రెక్కలు వాలి, కొన్నాళ్ళకు చనిపోతుంది. తుపాకి గురి తప్పినా గుండు చంపుతుందన్న మాట. గాయపడి పారిపోయి మరణించిన జంతువును తిన్న గ్రద్దలు, రాబందులకూ ఇదే గతి. అమెరికా 1991 నాటికి నీటి పక్షుల వేటలో సీసమును దేశమంతటా నిషేధించినది. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుండి అన్ని రకముల వేటలోనూ నిషేధించినది. అందులో కయోటి కూడా ఉన్నది. ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుండి చిత్తడి నేలలలో సీసపు గుళ్ళను నిషేధించినది.

దొరవారిసత్రం ప్రాంతము

దొరవారిసత్రం గూడూరు - చెన్నై రైలు మార్గముపై ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ మండలములోని నేలపట్టు చెరువు, దాని చుట్టుపక్కల అడవి కలిపి సుమారు 459 హెక్టార్లు పక్షుల రక్షిత కేంద్రము. నీటిలో నిలిచి పెరిగే చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటి కాకులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువు నీరు పొలములకు మేలు చేస్తుందని నేలపట్టు గ్రామస్థులు ఈ పక్షులను కాపాడుతూ వచ్చారు. చట్టము రాక ముందు నుండి ఉన్న కాపుదల ఇది.

ఇక్కడి నక్క (కానిస్ ఆరియస్) కయోటి కన్నా చిన్నది, సుమారు 7 నుండి 11 కిలోలు. తెలుగులో గుంటనక్క అనబడేది వేరొక చిన్న జంతువు. ఆంగ్ల కథల అనువాదములలో రెండూ నక్కే అయినవి గనుక ఈ గందరగోళము. నక్క ఎలుకలు, ఎండ్రకాయలు, కళేబరములు, గూడు నుండి జారిపడిన పక్షిపిల్లలను తింటుంది. అప్పుడప్పుడు మేకపిల్లలను, గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుంది. కాపరులకు అది నిజమైన నష్టమే. రాత్రి ముళ్ళకంచె దొడ్డి, కాపలా కుక్కలు దీనికి పాత ఉపాయములు.

ఈ ప్రాంతముతో సహా దక్షిణాంధ్ర, తమిళనాడు జిల్లాలలో నక్కలవారు లేక కురువికారన్ అనబడే సంచార జాతి ఉన్నది. తమిళములో నరికురవర్ అంటారు. వీరి మాట వాగ్రిబోలి. ఒకప్పుడు నక్కలను, పిట్టలను పట్టుట వీరి వృత్తి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథములో వీరి ప్రస్తావన ఉన్నది. వీరు వాడిన తుపాకి ముందు నుండి మందు, పీచు, గుళ్ళు కూరి పేల్చే నాటు తుపాకి. దానికి చోకు ఉండదు. గుళ్ళు త్వరగా చెదిరిపోతాయి గనుక జంతువు చాలా దగ్గరకు రావాలి. నక్క ఊళను అనుకరించుటలో వీరికి గల నైపుణ్యము, వలల వాడకము ఈ అవసరము నుండే అర్థము చేసుకోవచ్చును. అమెరికా వేటగాడు కొని తెచ్చుకొనే కూత పరికరము పని వీరు గొంతుతోనే చేసేవారు. వేట నిషేధముతో ఆ విద్యకు చట్టబద్ధమైన చోటు లేకుండా పోయినది. ఇప్పుడు ఎక్కువ మంది పూసలు, సూదులు అమ్మి జీవిస్తున్నారు. ఆంధ్ర ప్రదేశ్‌లో వీరు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. తమిళనాడులో 2023లో చేర్చబడినారు. నక్క తోక తొక్కితే అదృష్టమనే నమ్మకమును ఆసరా చేసుకొని "నక్క కొమ్ము" పేరుతో సాగే వ్యాపారము మోసము. నక్కకు కొమ్ము ఉండదు. ఆ పేరుతో నక్కను చంపినా నేరమే.

చట్టము

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట అంటే చంపడమే కాదు, పట్టుట, ఉచ్చు వేయుట, గూళ్ళను, గ్రుడ్లను పాడుచేయుట, వీటికి ప్రయత్నించుట కూడా. 31వ సెక్షను ప్రకారము వ్రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యములోనికి ఆయుధముతో ప్రవేశించరాదు. 34వ సెక్షను దొరవారిసత్రం వంటి చోట్ల నివసించేవారికి నేరుగా వర్తిస్తుంది. అభయారణ్యమునకు 10 కిలోమీటర్ల లోపు నివసించే తుపాకి లైసెన్సుదారులు అటవీ శాఖ వద్ద నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి కావాలి. అభయారణ్యములో వేటకు 3 నుండి 7 సంవత్సరముల జైలు శిక్ష ఉన్నది. 1959 ఆయుధముల చట్టము క్రింద పంట రక్షణకు పొందిన తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు. 2019 సవరణతో ఒకరు ఉంచుకోదగిన తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గినవి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కయోటి వేటపై ఆసక్తి గలవారు తెలుసుకోవలసిన నియమము ఒకటి ఉన్నది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి, తూటాలు కలిగి ఉండుట అక్కడి కేంద్ర చట్టము ప్రకారము సాధారణముగా నేరము. ఏదైనా రాష్ట్రము జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. ఆ లైసెన్సు గడువు తీరితే దానిపై ఆధారపడిన మినహాయింపు కూడా తీరిపోతుంది. కయోటిపై బక్ గుళ్ళు వాడవచ్చునా, రాత్రి వేట కుదురునా అన్నవి రాష్ట్రమును బట్టి మారతాయి.